ఉరిదీసెటోని బిడ్డ

ఆ రికార్డు పేరు 'ది హ్యాంగ్‌మన్స్ బ్యూటిఫుల్ డాటర్'. పుస్తకాల తెలుగులో 'ఉరితీసేవాడి అందమైన కూతురు' అనాలె. మా కోహీర్ మాటల్ల అయితే 'ఉరిదీసెటోని బిడ్డ'. 1968 మార్చిల ఇంగ్లండ్‌ల వచ్చిన ఎల్పీ. పాడింది ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్ అనే జట్టు. రాబిన్ విలియమ్సన్, మైక్ హెరన్ అని ఇద్దరు ఎడిన్‌బరో పోరగాండ్లు. వాళ్ల వెంట లికరిస్ మెకెక్నీ, రోజ్ సింప్సన్ అని ఇద్దరు ఆడపిల్లలు. వీళ్ల పాటకు లోకం 'సైకెడెలిక్ ఫోక్' అని పేరు పెట్టింది. పల్లె పాటకు మత్తు కలిస్తే వచ్చేది అనుకోండి.

తోటి రచయితలు ఆకలి గురించి, ఊరబావి గురించి, బడిల వెనుక బెంచీ గురించి రాస్తుంటే నువ్వు తెల్లోళ్ల మత్తు పాటల గురించి రాస్తవా అని అడిగెటోళ్లు ఉంటరు. అడగాలె కూడ. నాది మాదిగవాడ. ఇంగ్లీషు ఎమ్మే చదివిన. ఈ పాటలు ముప్పై ఏండ్ల నుంచి వింటున్న. ఇవి విన్నంక మా నాయిన డప్పు నాకు వేరే తీరుగ వినబడ్డది. ఆ సంగతే రాస్త.

ముందు పేరు కాడ కొంచెం ఆగాలె. మనువు పదో అధ్యాయంల చండాలుల పనులు లెక్కగట్టి రాసిండు. రాజు శిక్ష వేసినోణ్ణి చంపుడు, చచ్చినోని బట్టలు, మంచం, నగలు తీసుకునుడు. ఉరితీసేవాడు అంటే మన దేశంల ఎవరో దీన్నిబట్టి వేరే చెప్పే పని లేదు. అయితే నాకు ఆశ్చర్యమైన సంగతి ఇంకోటి ఉంది. యూరప్‌లో కూడ ఉరితీసేవాని ఇల్లు ఊరికి దూరమే. జర్మన్ రాజ్యాలల్ల చచ్చిన పశువును ఈడ్చుకపోయి తోలు తీసే పని తరుచుగ వాళ్ల ఇండ్లకే ఒప్పజెప్పేటోళ్లు. వాళ్ల పిల్లలకు పెండ్లిండ్లు వాళ్లల్లనే. పేరు వేరు, దేశం వేరు, తోలు వాసన ఒక్కటే. మా ఊళ్లె హరిశ్చంద్ర నాటకం ఆడితే రాజు కాటికాపరి అయ్యిండని తెల్లారిందాక ఏడ్చెటోళ్లు. ఆ రాజును కొన్న వీరబాహు పుట్టుకతోనే కాటికాపరి. ఆయన కోసం ఒక్కడు ఏడ్చింది నేను సూడలె.

ఆ స్కాట్లండ్ పోరగాండ్లకు ఇదంత తెలిసి ఆ పేరు పెట్టిన్రని నేను అనను. ఉరితీసేవాడంటే చావు, వాని బిడ్డంటే చావు తర్వాత వచ్చేది అని హెరన్ ఒక అర్థం చెప్పిండు. ఆళ్లకు అది కల. మాకు అది వృత్తి.

కోహీర్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. 2016 దాకా మెదక్ జిల్లా. జహీరాబాద్ పక్కన, కర్ణాటక సరిహద్దుకు ఓ అడుగు ఇవతల. రైలు టేషన్ పేరు కోహీర్ డెక్కన్, వికారాబాద్ నుంచి బీదర్ పోయే లైను మీద. ఎర్రమట్టి. జామపండ్లకు పేరువడ్డ ఊరు. మౌలానా మొయిజుద్దీన్ దర్గా ఉంది. ఊళ్లె సగం మాట దక్కనీ ఉర్దూ, మిగిలింది తెలుగు, సందుల్ల కన్నడం. ఉర్సుకు ఖవ్వాలీలు, పీర్ల పండుగకు మా డప్పులు, ఎల్లమ్మకు మళ్ల మా డప్పులే. ఆదివారం మాత్రం మెథడిస్టు గుడిల కీర్తనలు. మా తాత కాలంల మా వాడ మిషనోళ్ల దిక్కు పోయింది. చిన్నప్పుడు నా చెవుల్ల ఇవన్ని ఒక్కతాననే పడ్డయి. దేనికి దేనికి మధ్య గోడ ఉందో పెద్దగయినంక ఒగలొకలు చెప్తే తెలిసింది.

మా నాయిన డప్పు తయారు చేసే మనిషి. మేకతోలును సున్నంల నానబెట్టి, బొచ్చు గీకి, తంగెడు చెక్క నీళ్లల్ల వేసేది. కట్టె చట్రానికి చింతగింజల అంబలి పూసి తోలు బిగించేది. ఆరినంక మోగిచ్చి సూసేది. కొట్టే ముందల గడ్డిమంట వేసి కాపేది. డప్పు కాపుతుంటె వచ్చే వాసన మీద ఒక పుస్తకం రాయొచ్చు. కుడిచేతిల సిర్ర, ఎడమచేతిల సిటికెన పుల్ల. పెండ్లి దెబ్బ వేరు, సావు దెబ్బ వేరు, సాటింపు దెబ్బ వేరు. కండ్లు మూసుకొని విన్నా ఊళ్లె ఏం జరుగుతుందో చెప్పొచ్చు.

1979ల ఒక పటేల్ ఇంట్ల ముసలాయన సచ్చిండు. మాదిగోళ్లు డప్పులు పట్టుకొని రావాలని కబురు. ఎప్పటి సందే, ఊరికెనే. పొద్దటి నుంచి శవం లేచిందాక కొట్టాలె, అటెనుక కాటిదాక కొట్టుకుంట నడవాలె, ఆఖరికి ఇంత సారా, ఇంత బువ్వ. నాయిన పోయి గడప అవతల నిలబడి, "కూలెంత ఇస్తరు పటేలా?" అని అడిగిండట. పీనుగ ముందల బేరమా అని ఆళ్లు మీదికొచ్చిన్రు. నాయిన వాపసొచ్చిండు. ఆయన వెనకంగ ఇంకో నలుగురు. ఆ ఏడు కల్లాల మీద మాకు గింజలు బంద్. మా అవ్వ మూడు మైళ్లు నడిచి వేరే ఊరికి కూలికి పోయింది. ఆ సలికాలం మేం తిన్న జొన్నరొట్టెలు లెక్కవెట్టి చెప్పగలను.

అయినా నాయిన డప్పును ఇడువలె. ఇది చాలమందికి సమజ్ గాదు. గుడి పెద్దలు, "మంచిపని చేసినవ్, ఇగ ఆ సైతాను పలకను పొయ్యిల వెయ్యి" అన్నరు. మిషన్ మొదటి నుంచి పెట్టిన షరతు అదే. సచ్చిన పశువు కూర తినొద్దు, దేవతల ముందల డప్పు కొట్టొద్దు. సదువుకున్న మా పిలగాండ్లు కూడ అదే మాట ఇంకో నోటితోని అన్నరు. అది బానిస గుర్తు, పారెయ్యి అని. నాయిన ఇద్దరికి ఒక్కటే జవాబు చెప్పిండు. "తోలుది తప్పు గాదు బిడ్డా. పిలిచెటోనిది." పటేళ్ల గడపకు మళ్ల పోలె. పీర్లకు పోయిండు, మా వాడ పెండ్లిండ్లకు, సావులకు పోయిండు. డప్పు మాత్రం గోడకే ఉండె.

క్యాసెట్ నా చేతికొచ్చింది 1994ల. జహీరాబాద్ పక్కన పస్తాపూర్ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పని చేస్తుండె. ఊరూర దళిత ఆడోళ్ల సంఘాలు. బీడు భూములల్ల సాయిజొన్న, కొర్ర, సామ, తొగరి కలిపి వేసి ఆళ్లే విత్తనం దాసుకునుడు. అది సూడనీకె ఎక్కడెక్కడోళ్లో వచ్చేది. ఎడిన్‌బరో నుంచి వచ్చిన ఒకామెకు నేను పది దినాలు మాట తర్జుమా చేసిన. పోయేనాడు సేతిరాతతోని పాటల పేర్లు రాసిన ఒక క్యాసెట్ ఇచ్చింది. "మా ఊరోళ్ల పాటలు" అన్నది. నేను కూడ మా ఊరోళ్లవే అనుకునెటట్టు ఇన్న.

మొదటిసారి విన్నప్పుడు తలకాయ తిరిగింది. పది పాటలు. ఒక్క పాటల నాలుగు పాటలున్నట్టు ఉంటది. ఒక రాగం ఎత్తుకుంటడు, సగంల ఇడిసి ఇంకో తొవ్వ పడ్తడు, మళ్ల ఎక్కన్నో తేలుతడు. గొంతు వంకరలు పోతది. అది చర్చి పాటో, ముస్లిం ఫకీరు పాటో, తాగినోని కూనిరాగమో చెప్పరాదు. రాజశేఖర చరిత్ర చదివినట్టు మొదలు నుంచి తుదిదాక సక్కగ నడిచే పాట కావాలంటె ఇది కాదు. మా వాడల శివరాత్రికి తెల్లారిందాక జరిగే భజన ఇన్నోళ్లకు మాత్రం ఇది కొత్త గాదు. అక్కడ కూడ ఒకడు తత్వం ఎత్తుకుంటె ఇంకొకడు నడుమల అందుకొని ఏసు పాటల కలుపుతడు, ఎవడూ తప్పు పట్టడు.

ఏమేం వాయించిన్రో తర్వాత చదివిన. సితార్, హామండ్ ఆర్గన్, హార్ప్సికార్డ్, ఊద్, పిల్లనగోవి, నోటితోని మోగించే మోర్సింగు, మన షెహనాయి కూడ. గింబ్రీ అనేది ఒకటి. మొరాకోల నల్లజాతి గ్నావా మనుషుల వాయిద్యం. బానిసలుగ సహారా దాటించి తెచ్చినోళ్ల పిల్లలు వాళ్లు. కట్టె డొల్లకు తోలు బిగించి నరం తీగలు కడ్తరు. విలియమ్సన్ మొరాకో పోయి వచ్చేటప్పుడు తెచ్చుకున్నడు. దాని చప్పుడు వచ్చిన కాడల్లా నాకు డక్కలోళ్ల కిన్నెర యాదికొస్తది. సొరకాయ బుర్రలు, వెదురు, తీగలు. మాదిగోళ్ల పుట్టుక చెప్పే జాంబపురాణం అదే కిన్నెర మీద చెప్పేది. భూమి పుట్టకముందు ఆరు నెలలకే జాంబవంతుడు పుట్టిండని మొదలైతది ఆ కథ. ఈ రికార్డుల పొడుగుపాట 'ఎ వెరీ సెల్యులర్ సాంగ్' పదమూడు నిమిషాలు. ఆఖరుకు ఒక్క కణమున్న పురుగు దాకా పోతది, అమీబా. ఒకటి రెండైతది, రెండు నాలుగైతది. ఇది కొత్త ఊహ అని లండన్ పత్రికలు మెచ్చుకున్నయి. డక్కలోడు ఇంకా ఎనుకటికి పోయిండు. ఆయన్ని మెచ్చుకోనీకె పత్రిక లేదు.

ఆ సెల్యులర్ సాంగ్ నడుమల ఒక ముక్క ఉంటది. ఒక్కసారిగ అందరి గొంతులు కలుస్తయి. చప్పట్లు. పోయి రా, మళ్ల కలుద్దాం అనే తీరు వీడ్కోలు. ఆ ఎండాకాలం మా ఇంట్ల టేపు పెట్టిన. అవ్వ చాటల కొర్రలు చెరుగుతుండె. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ ముక్క వచ్చేసరికి చేతులు ఆపింది.

"ఎవరన్న సచ్చిన్రా కొడుకా?" అన్నది.

"లేదవ్వా. తెల్లోళ్ల పాట."

"సావు కాడ పాట ఇది. పండవెట్టుకొని పాడుతున్నరు సూడు."

నాకు నవ్వొచ్చింది అప్పుడు. చాలా ఏండ్లకు తెలిసింది, ఆ ముక్క వాళ్లది గాదు. బహామా దీవులల్లది. 1965ల జోడి స్టెకర్, పీటర్ సీగల్ అనే ఇద్దరు అమెరికా కుర్రాళ్లు నసావ్ పోయి టేపు మీద పట్టుకొచ్చిన్రు. నన్‌సచ్ కంపెనీ 1966ల 'ది రియల్ బహామాస్' పేరుతోని వేసింది. పాడినోళ్లు పిండర్ కుటుంబం. ఎడిత్ పిండర్, పెనిమిటి రేమండ్, బిడ్డ జెనీవా. వాళ్లతో ఎడిత్ అన్న జోసెఫ్ స్పెన్స్. ఆయన సముద్రం మీద స్పంజి ఏరే పని చేసినోడు, రాళ్ల పని, వడ్రంగం కూడ చేసినోడు. 1938, 39ల స్పంజికి తెగులొచ్చి ఆ పని మొత్తం కూలిపోయింది. ఆ పడవల మీద పుట్టిన పాట మాత్రం మిగిలింది. ఒకడు మాట కట్టుకుంట పోతడు, మిగిలినోళ్లు కింద గట్టిగ పట్టి ఉంచుతరు. మన వంతపాటనే. మనిషి సచ్చిన రాత్రి పీనుగ చుట్టూ కూసొని తెల్లారిందాక పాడెటోళ్లు. అవ్వ పది సెకన్లల పట్టుకున్నది దాన్నే.

ఇంకా ఎనుకకు పోతే ఇది మరీ ఇచ్చంత్రం. ఆ పాట మాటలు సారా డౌడ్నీ అనే ఇంగ్లండ్ ఆమె 1871ల రాసింది. రాగం కట్టింది అమెరికా సువార్త గాయకుడు ఐరా సాంకీ. సాంకీ పుస్తకం మిషనోళ్ల సంచులల్ల లోకమంత తిరిగింది. నసావ్ పోయింది, మన కాడికి కూడ వచ్చింది. మా గుడిల ఇంగ్లీషు రాగాల కీర్తనలు ఆ తీరుగ వచ్చినవే. మిగిలిన కీర్తనలల్ల మంచివి పురుషోత్తమ చౌదరి రాసినవి. ఆయన బ్రాహ్మణ పుట్టుక పుట్టి క్రైస్తవంల కలిసినోడు. అంటే మా వాడల దేవుని పాట ఒకటి తెల్లదొర రాగం, ఒకటి బ్రాహ్మణుని మాట. మాది అని చెప్పే రాగం గుడి బయట గోడకు ఏలాడుతుంది.

బహామాల నల్లోళ్లు ఏం చేసిన్రంటే, సాంకీ రాగాన్ని తీసుకొని ఇరగ్గొట్టిన్రు. సాగదీసిన్రు. నడుమల తమ మాట దూర్చిన్రు. ఆఖరుకు అది తెల్లోళ్లదని ఆనవాలు పట్టరాకుంట చేసిన్రు. తర్వాత తెల్ల పిలగాండ్లు దాన్ని రికార్డుల ఇని మోజువడి మళ్ల తీసుకున్నరు. ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండే గాదు, అమెరికాల గ్రేట్‌ఫుల్ డెడ్ కూడ కచేరీల చివర పాడేది. బువ్వ ఎవరిది, ఇస్తరెవరిది అని అడిగితే ఇప్పుడు తెగది. నేను అడుగుతున్నది వేరే. అక్కడ గుడి ఆ నల్ల గొంతును లోపలికి రానిచ్చింది. ఇక్కడ మా డప్పును ఎందుకు రానియ్యలె?

ఈ ప్రశ్న పుస్తకాలల్లది కాదు. 1997 జనవరిల నాయిన సచ్చిపోయిండు. రాత్రి వాడ ఆడోళ్లంత వచ్చి పీనుగ చుట్టూ కూసున్నరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కొన్ని, తత్వాలు కొన్ని. అవ్వ నడుమ నడుమల శోకం తీసేది. నాయిన చేసిన పనులన్ని పేరు పేరున చెప్పి ఏడ్చేది. మాట ఆమె కట్టుకునేది, మిగిలినోళ్లు కింద పట్టి ఉంచేది. తెల్లారి పాస్టరు వచ్చిండు. మంచి మనిషే. బయట పిలగాండ్లు గడ్డిమంట వేసి డప్పులు కాపుతున్నరు. పాస్టరు అది సూసి గడప కాన్నే ఆగిండు.

"డప్పు ఉంటె నేను సమాధి ప్రార్థన చెయ్య. అది అన్యుల ఆచారం."

నాకు నోట మాట రాలె. మా తమ్ముడు కొట్లాటకు పోయిండు. పెద్దమనుషులు నన్ను సూసిన్రు, సదువుకున్నోనివి నువ్వు చెప్పు అన్నట్టు. నేను చెప్పకముందే అవ్వ లేచింది.

"అయ్యగారూ, మీరు ప్రార్థన చెయ్యున్రి. పటేల్ పీనుగకు కూలి లేనిది కొట్టనన్నడు ఈయన. అందుకు మేం ఒక ఏడు ఉపాసం ఉన్నం. ఇప్పుడు ఈయనకు ఈయన బిడ్డలు కొడ్తున్నరు, కూలి లేకుంట. ఇది అన్యులది ఎట్లయితది?"

పాస్టరు చాలసేపు మాట్లాడలె. ఆఖరుకు ఒప్పందం ఇట్ల కుదిరింది. డప్పులు బొందలగడ్డ దాక వస్తయి, గుంత కాడికి యాభై అడుగుల దూరంల ఆగుతయి. ప్రార్థన అయినంక మళ్ల మోగుతయి. అట్లనే అయ్యింది. ఆమెన్ అన్నరు, ఒక్క క్షణం ఏ చప్పుడు లేదు, అటెనుక సావు దెబ్బ లేచింది. మట్టి వేసిందాక ఆగలె. పాస్టరు గూడ పోలె, తల వంచుకొని అక్కన్నే నిలబడ్డడు.

ఇంగ్లండ్ గుడి పెద్ద, కాంటర్బరీ ఆర్చిబిషప్‌గ 2002 నుంచి 2012 దాక ఉన్న రోవన్ విలియమ్స్ ఈ స్ట్రింగ్ బ్యాండ్‌కు అభిమాని. ఎడారి దీవికి పోతే ఏ పాటలు ఎంట తీసుకపోతవ్ అని బీబీసీ అడిగితే చెప్పిన వాటిల్ల వీళ్లది ఒకటుంది. మా మెథడిస్టోళ్లకు ఆయన పెద్ద గాదు. అయినా ఆ సంగతి చదివిన్నాడు మా పాస్టరు యాదికొచ్చిండు. సైకెడెలిక్ పాట ఆర్చిబిషప్‌కు పనికొస్తది. మేకతోలు మాత్రం గుంతకు యాభై అడుగుల అవతల.

మత్తు సంగతి కూడ మాట్లాడాలె. ఆ రోజులల్ల ఆ పిలగాండ్లు ఎల్‌ఎస్‌డీ తీసుకునేటోళ్లు. దాన్ని చైతన్యం విప్పారుడు అన్నరు. దాని మీద పుస్తకాలు వచ్చినయి, ప్రొఫెసర్లు రాసిన్రు. మా నాయినలు తాగిన సారాకు మాత్రం తాగుబోతుతనం అనే ఒక్క మాటే. పొద్దంత పీనుగ ముందల డప్పు కొట్టనీకె ఇచ్చిన సారా అది, కూలి బదులు. 1992ల నెల్లూరు దిక్కు ఆడోళ్లు సారా మీద లేస్తే 1993 అక్టోబరుల సర్కారు బంద్ చేసింది. ఆడోళ్లు చేసింది సరైన పని. నేను సారాను మెచ్చుకుంటలేను. ఒక్కతీరు మత్తుకు రెండు తీర్ల పేర్లు ఎందుకొచ్చినయో అడుగుతున్న.

రికార్డు అట్ట మీద ఫొటో ఒకటి ఉంటది. 1967 క్రిస్మస్ నాడు తీసింది. జట్టోళ్లు, దోస్తులు, పిల్లలు, అడవిల చెట్ల కింద. రంగురంగుల పాత గుడ్డలు, ఒకదానికొకటి పొంతన లేని బట్టలు. మా వాడల ఏడాదికి ఒక్క జత కొత్తబట్టలు వచ్చేది క్రిస్మస్‌కే. ఆళ్లు క్రిస్మస్ నాడు పాతవి సోకుకు కట్టుకొని ఫొటో దిగిన్రు. చిన్నప్పుడు మాకు ఫొటో తీసెటోడు ఉంటె క్రిస్మస్ నాడు తప్ప ఎన్నడైనా అట్లనే కనబడుదుం. ఆ ఫొటో అంటె నాకు కోపం లేదు, ఇష్టమే. సూసినప్పుడల్ల నవ్వు మాత్రం వస్తది.

ఆ కాలంల తెల్ల పిలగాండ్లు ఇండియా అంటె పడి సచ్చెటోళ్లు. ఈ జట్టుల మొదలు ఉన్న క్లైవ్ పామర్ 1966ల మొదటి రికార్డు కాంగనే ఇడిసిపెట్టి అఫ్ఘనిస్తాన్, ఇండియా తొవ్వ పట్టిండు. రవిశంకర్ 1967ల మాంటెరీల, 1969ల వుడ్‌స్టాక్‌ల సితార్ వాయించిండు. ఈ రికార్డుల హెరన్ వాయించిన సితార్ కూడ ఆ గాలికి వచ్చిందే. ఆళ్లకు దొరికిన ఇండియాల సితార్ ఉంది, తబలా ఉంది, గురువు ఉన్నడు, అగరుబత్తి ఉంది. మాదిగవాడ లేదు. తబలా మీద తోలు ఎవరు బిగించిన్రని ఎవరూ అడగలె. మనోళ్లే అడగలె, ఆళ్లేం అడుగుతరు? మృదంగం చేసే దళితుల మీద టి.ఎం. కృష్ణ 2020ల 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం రాస్తే, ఆవిష్కరణకు ముందు ఇచ్చిన హాలును చెన్నై కళాక్షేత్ర వాపసు తీసుకున్నది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు. రెండేండ్లు దాటినంక ఆయన కూలి పని చేస్తున్నడని పేపర్లల్ల ఫొటోలు పడ్డయి.

అందుకే నాకు మాచ్నూర్ రేడియో అంటె పానం. 2008 అక్టోబరు 15న మొదలైంది సంఘం రేడియో. దళిత ఆడోళ్లే నడిపే కమ్యూనిటీ రేడియో. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మైకు పట్టిన్రు. నాట్ల పాటలు, ఇసుర్రాయి పాటలు, విత్తనం ముచ్చట్లు ఆళ్లే రికార్డు చేసి ఆళ్లే వినిపించిన్రు. పిండరోళ్ల పాటను లోకానికి ఇనిపియ్యనీకె అమెరికా నుంచి ఇద్దరు టేపు పట్టుకొని రావలసి వచ్చింది. మా దిక్కు టేపు మా ఆడోళ్ల చేతికే వచ్చింది. అవ్వ అప్పటికి లేదు. ఉంటె ఆమె శోకం ఒకటి అక్కడ పట్టి పెట్టెటోణ్ణి.

రికార్డుల అన్ని పాటలు నాకు నచ్చవు. 'మినోటార్స్ సాంగ్' నాటకాల కంపెనీ నవ్వులాట, రెండు సార్లు వింటె చాలు. 'వాల్ట్జ్ ఆఫ్ ద న్యూ మూన్' అందంగ ఉంటది, నాకు నిద్రొస్తది. 'వాటర్ సాంగ్' చిన్నది, దాంట్ల నీళ్ల చప్పుడు కూడ ఉంటది. ఎండాకాలం బోరింగు కాడ వరుసల నిలబడ్డోళ్లకు అది వేరే తీరుగ వినబడ్తది. ఇంగ్లండ్‌ల ఈ రికార్డు అమ్మకాలల్ల ఐదో స్థానం దాక పోయిందంటె ఇప్పటికీ నమ్మబుద్ధి గాదు. అంత వంకర పాటను అంతమంది కొన్నరంటె ఆ కాలం మంచిదే అయి ఉంటది. వుడ్‌స్టాక్‌ల మాత్రం వాన పడుతుందని శుక్రవారం పాడమన్నరు, తెల్లారి శనివారం పాడిన్రు. జనం పట్టించుకోలె. వానల డప్పు మోగదు, తోలు మెత్తబడ్తది, మళ్ల మంట వేసి కాపాలె. ఆ బాధ మాకు తెలుసు.

మా అక్క కొడుకులు డప్పు దళం పెట్టిన్రు. ఏప్రిల్ 14కు, ధర్నాలకు, పెండ్లిండ్లకు పోతరు, కూలి ముందల మాట్లాడుకొని. ఇప్పుడు ఎక్కువ ఫైబర్ డప్పులే. కాపే పని లేదు, వానకు భయం లేదు. నాకు ఆ చప్పుడు రేకు కొట్టినట్టు ఉంటది. "మామా, నీది తోలు చెవి" అని నవ్వుతరు. కిందటేడు ఆళ్లకు పిండరోళ్ల పాట, ఎంబడే స్ట్రింగ్ బ్యాండ్ పాట రెండూ ఫోన్ల ఇనిపిచ్చిన. చిన్నోడు మూడుసార్లు పెట్టించుకున్నడు. "దీనికి సావు దెబ్బ వెయ్యొచ్చు మామా, అయితే కొంచెం నిమ్మళంగ వెయ్యాలె" అన్నడు. నాయిన డప్పు గోడ మీదికెళ్లి దించిన్రు. తోలు అక్కడక్కడ ఎండి పర్రెలువడ్డది, కొత్త తోలు కోసం జహీరాబాద్ అంత తిరిగిన్రు. ఇప్పుడు ఐతారం ఐతారం గుడి అయినంక మా ఇంటెనుక చింతచెట్టు కింద కూసొని కొడుతున్నరు. ఆళ్లు వీడ్కోలు మాటను సాగదీసే కాడ సిర్ర దెబ్బ ముందుగ పడుతుంది. సిటికెన పుల్లతోని నింపితే సరిపోతదని పెద్దోడు, అక్కడ మొత్తానికే ఆపాలని చిన్నోడు. ఇంకా కుదరలె.